సూది అక్కడ... సంరక్షణ ఎక్కడ?

పిల్ల పెళ్లి కుదిరింది. ముహూర్తానికి ఇంకా రెండు నెలలు. చీరలు, నగలు, కల్యాణ మండపం, క్యాటరింగ్‌... ఈ జాబితాలోకి ఈమధ్య కొత్తగా ఒక మాట వచ్చి చేరుతోంది. ‘అమ్మా, నాలుగు రోజులు బ్యాంకాక్‌ వెళ్లొద్దాం. తిరిగినట్టూ ఉంటుంది, మొహానికి ఏదైనా చేయించుకున్నట్టూ ఉంటుంది. కోతలూ కుట్లూ ఏమీ ఉండవట. మధ్యాహ్నం చేయించుకుంటే సాయంత్రం షాపింగ్‌కు వెళ్లొచ్చట!’ కొందరు సియోల్‌ అంటారు. మరికొందరు ఇస్తాంబుల్‌ అంటారు. ఫోన్‌ తెరిస్తే ‘ముందు-తర్వాత’ ఫొటోలు వరస కడుతుంటాయి. ఒకప్పుడు సినిమావాళ్ల సంగతిగా చెప్పుకొన్నది ఇప్పుడు బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, చిన్న వ్యాపారుల ఇళ్ల దాకా వచ్చింది. మగవాళ్లూ దీనికి దూరంగా ఏమీ లేరు.

ముందే ఒక మాట. వయసు మొహం మీద కనిపించడం ఇష్టం లేకపోవడం తప్పేమీ కాదు. తలకు రంగు వేసుకునే ఇంట్లో, ముడతలు తగ్గించుకోవాలనుకునే మనిషిని చూసి నవ్వాల్సిన పని లేదు. ఆ కోరికను ఎగతాళి చేస్తే జరిగేది ఒక్కటే. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెళ్లి చేయించుకుంటారు. చెప్పకుండా చేయించుకున్నదాంట్లో తేడా వస్తే అదీ చెప్పరు. రోజులు గడిచేకొద్దీ చిన్న ఇబ్బంది పెద్దదవుతుంది.

విదేశీ డాక్టర్ల నైపుణ్యం మీదా మాకు అనుమానం లేదు. బ్యాంకాక్‌లో, సియోల్‌లో చాలా మంచి వైద్యులున్నారు. మేం అడిగే ప్రశ్న వేరు. సూది వేసేది అక్కడ. ఆ తర్వాతి వారాల్లో మిమ్మల్ని చూసేదెవరు?

కోత లేదు... కానీ చికిత్సే!

‘కోత లేని చికిత్స’ అనగానే ఫేషియల్‌కు కాస్త పెద్దక్క అనుకుంటాం. నిజానికి ఇవన్నీ వైద్య ప్రక్రియలే. వీటిలో ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది బొటాక్స్‌. ఇది బొట్యులినమ్‌ అనే విషపదార్థాన్ని అతి స్వల్ప మోతాదులో వాడే మందు. నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని ఆపుతుంది. కండరం బిగుసుకోదు కాబట్టి దాని మీది చర్మం ముడత పడదు. కనుబొమల మధ్య గీతల కోసం దీన్ని వాడటానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో అనుమతించింది. రెండోది ఫిల్లర్‌. ఎక్కువగా హయలురోనిక్‌ ఆమ్లంతో చేసిన జెల్‌ ఇది. గుంటలు పడిన చోట, ముక్కు పక్క నుంచి పెదవుల దాకా దిగే గీతల్లో దీన్ని నింపుతారు. మూడోది థ్రెడ్‌ లిఫ్ట్‌. ఒంట్లో కరిగిపోయే దారాలను చర్మం కింద నుంచి పోనిచ్చి, జారిన చెంపలను పైకి లాగుతారు. నాలుగోది లేజర్‌, రేడియో ఫ్రీక్వెన్సీ, అల్ట్రాసౌండ్‌ వంటి వేడి పుట్టించే పద్ధతులు. చర్మం లోపలి పొరల్లో వేడి పుట్టిస్తే అక్కడ కొలాజెన్‌ కొత్తగా తయారవుతుంది.

నాలుగూ మేలు చేసే పద్ధతులే. తగిన మనిషికి, తగిన మోతాదులో, అర్హత ఉన్న డాక్టర్‌ చేస్తే ఫలితం బాగానే ఉంటుంది. చిక్కంతా క్యాలెండర్‌తోనే వస్తుంది.

అయిదు రోజుల ట్రిప్పు... మూడు నెలల వైద్యం

బొటాక్స్‌ వేసిన రోజు అద్దంలో ఏ మార్పూ కనిపించదు. మూడు నాలుగు రోజులకు మొదలై, పూర్తి ఫలితం తెలియడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఒక కనుబొమ పైకి, ఒకటి కిందికి వచ్చిందా, ఎక్కడైనా తక్కువ పడిందా అన్నది అప్పుడే తెలుస్తుంది. అందుకే రెండు వారాలకు మళ్లీ పిలిచి చూసి, అవసరమైతే సరిచేస్తారు. మీరు అయిదో రోజున శంషాబాద్‌లో దిగిపోతే ఆ రెండో చూపు ఎవరిది?

ఫిల్లర్‌ వేశాక వాపు, కమిలిన మచ్చలు తగ్గడానికి వారం, రెండు వారాలు పట్టొచ్చు. ఆ తర్వాతే అసలు ఆకారం బయటపడుతుంది. కొందరిలో గడ్డల్లాంటివి వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత కూడా కనిపిస్తాయి. థ్రెడ్‌ లిఫ్ట్‌లో చర్మం మీద సొట్ట పడటం, దారం చివర బయటికి పొడుచుకు రావడం, ఇన్ఫెక్షన్‌ వంటివి ఇంటికి చేరాకే తలెత్తొచ్చు. వేడి పద్ధతుల ఫలితమైతే రెండు మూడు నెలలకుగానీ పూర్తిగా తెలియదు.

అంటే, మంచి జరిగినా తేడా జరిగినా ఎక్కువ భాగం బయటపడేది మీరు వెనక్కి వచ్చాకే. ప్యాకేజీలో టికెట్టు, హోటల్‌, ఇంజెక్షన్‌, ఎయిర్‌పోర్టులో పికప్‌ అన్నీ ఉంటాయి. ఈ తర్వాతి మూడు నెలలు మాత్రం ఉండవు.

టైము తక్కువైనప్పుడు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ‘ఎలాగూ వచ్చారు కదా’ అంటూ బొటాక్స్‌, ఫిల్లర్‌, దారాలు, లేజర్‌ ఒకే రోజు చేసేయడం. దగ్గరి డాక్టరైతే కొద్దిగా చేసి, ఎలా ఉందో చూసి, మళ్లీ పిలుస్తారు. మొహం విషయంలో ‘కొంచెం తక్కువైంది’ అనుకుంటే మళ్లీ కలపొచ్చు. ‘ఎక్కువైంది’ అనుకుంటే తీయడం కష్టం.

అరుదే... కానీ గంటల్లో తేలాల్సిన సంగతి

భయపెట్టాలని కాదు, తెలుసుకోవాలని చెబుతున్నాం. ఫిల్లర్‌తో వచ్చే అత్యంత తీవ్రమైన సమస్య- జెల్‌ పొరపాటున రక్తనాళంలోకి వెళ్లడం, లేదా నాళాన్ని నొక్కేయడం. అప్పుడు ఆ భాగానికి రక్తం అందదు. చర్మం తెల్లగా పాలిపోవడం, తర్వాత వల అల్లినట్టు నీలి రంగు చారలు రావడం, మామూలుగా ఉండాల్సినదానికంటే ఎక్కువ నొప్పి దీని గుర్తులు. కనుబొమల మధ్య, ముక్కు దగ్గర ఈ ముప్పు ఎక్కువ. చాలా అరుదుగా కంటికి వెళ్లే రక్తం ఆగి చూపు పోయే ప్రమాదమూ ఉంది. ఫిల్లర్‌ హయలురోనిక్‌ ఆమ్లంతో చేసిందైతే దాన్ని కరిగించే హయలురోనిడేజ్‌ అనే మందు ఉంది. కానీ దాన్ని ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. చూపు విషయంలోనైతే ప్రతి నిమిషమూ లెక్కే. వేరే రకం ఫిల్లర్లను ఈ మందు కరిగించలేదు. కాబట్టి మీ మొహంలో ఉన్న జెల్‌ ఏమిటో ఇక్కడి డాక్టర్‌కు తెలియకపోతే, ఆయన చేతులు సగం కట్టేసినట్టే.

ఇంటికి వచ్చాక బయటపడిన ఇబ్బందులకు ఉదాహరణలు ప్రపంచం ఇప్పటికే చూసింది. 2023లో యూరప్‌లోని కొన్ని దేశాల నుంచి తుర్కియే వెళ్లి, బరువు తగ్గేందుకు పొట్టలోకి బొట్యులినమ్‌ ఇంజెక్షన్లు తీసుకున్నవారిలో పలువురు బొట్యులిజం బారిన పడ్డారు. తుర్కియేలోనివారితో కలిపి బాధితులు 60 మందికి పైనే. కండరాలు బలహీనపడటం, మింగలేకపోవడం, శ్వాస ఇబ్బంది వంటి లక్షణాలతో చాలామంది సొంత దేశాల్లో ఆసుపత్రుల్లో చేరాల్సి వచ్చింది. అది మొహానికి చేసిన చికిత్స కాదు, మోతాదులూ వేరు. కానీ పదార్థం అదే. సూది వేసిన చోటు ఒక దేశం, ఊపిరి ఆడక పరుగెత్తిన చోటు మరో దేశం.

అలాగే 2013-14లో డొమినికన్‌ రిపబ్లిక్‌ వెళ్లి పొట్ట, రొమ్ము, కొవ్వు తీత వంటి కాస్మెటిక్‌ సర్జరీలు చేయించుకొని అమెరికా తిరిగొచ్చిన కొందరు మహిళల్లో, క్షయ సూక్ష్మజీవికి బంధువైన ఒక రకం మైకోబ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌ వచ్చింది. ఇది మామూలు యాంటీబయాటిక్స్‌కు సులభంగా లొంగదు. నెలల తరబడి మందులు వాడాలి. శుభ్రత సరిగా లేని చోట చర్మం కిందికి ఏ సూది వెళ్లినా ఇలాంటి సూక్ష్మజీవులకు దారి దొరికినట్టే.

ఇదంతా పేద దేశాల గొడవ అనుకోవద్దు. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక స్పాలో, సొంత రక్తంలోంచి తీసిన ప్లాస్మాను సన్నని సూదులతో మొహంలోకి పంపే ‘వ్యాంపైర్‌ ఫేషియల్‌’ చేయించుకున్న కొందరు మహిళలకు హెచ్‌ఐవీ సోకినట్టు అక్కడి ఆరోగ్య అధికారులు 2024లో నివేదించారు. అదే ఏడాది నకిలీ బొటాక్స్‌ వల్ల పలు రాష్ట్రాల్లో జనం ఆసుపత్రుల పాలయ్యారు. దేశం పేరు భరోసా ఇవ్వదు. ఆ గదిలో ఎవరున్నారు, ఆ సీసాలో ఏముంది అన్నవే భరోసా ఇస్తాయి.

మన చర్మానికి మన లెక్క

మనలో ఎక్కువమందిది చామనఛాయ నుంచి నలుపు దాకా ఉండే చర్మం. ఎండకు తట్టుకుంటుంది, ముడతలు ఆలస్యంగా పడతాయి. కానీ వేడి తగిలినా, గాయమైనా నల్ల మచ్చ పడే గుణం దీనికి ఎక్కువ. తెల్లటి చర్మానికి సరిపోయే లేజర్‌ తీవ్రతను మన చర్మం మీద వాడితే ముడత పోయి మచ్చ మిగలొచ్చు. ఇప్పటికే మంగు మచ్చలు ఉన్నవారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. మన రంగు చర్మం మీద బాగా అనుభవం ఉన్న డాక్టర్లు హైదరాబాద్‌, విజయవాడ, విశాఖల్లోనే ఉన్నారన్న సంగతి మరిచిపోతున్నాం.

లేజర్‌ తర్వాత కొన్ని వారాలు ఎండ నుంచి గట్టిగా కాపాడుకోవాలి. ఏప్రిల్‌లో లేజర్‌ చేయించుకొని, మే ఎండల్లో పెళ్లి పత్రికలు పంచుతూ ఊళ్లు తిరిగితే ఫలితం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

పోట్లాడాల్సి వస్తే ఎక్కడ?

మన దేశంలో డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2019 నాటి కొత్త చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు చేసుకోవచ్చు. డాక్టర్‌ ప్రవర్తన మీద రాష్ట్ర మెడికల్‌ కౌన్సిల్‌ను ఆశ్రయించవచ్చు. పరాయి దేశంలోనైతే అక్కడి చట్టం, అక్కడి భాష, అక్కడి లాయరు. ఒక సూది కోసం పెట్టిన ఖర్చు తిరిగి రాబట్టుకోవడానికి అన్ని ప్రయాణాలు ఎవరు చేస్తారు?

దక్షిణ కొరియా సంగతే చూడండి. విదేశీ రోగులను రప్పించుకునేందుకు ఆ దేశం 2009లో చట్టాన్ని సవరించుకుంది. 2024లో అక్కడికి వెళ్లిన విదేశీ రోగుల సంఖ్య 10 లక్షలు దాటింది. వారిలో సగానికి పైగా చర్మ చికిత్సల కోసమే వెళ్లారు. అదే దేశంలో, పేరున్న డాక్టర్‌ మాట్లాడి ఒప్పించాక, రోగికి మత్తు ఎక్కగానే వేరొకరు వచ్చి సర్జరీ చేసే ‘గోస్ట్‌ సర్జరీ’లు పెద్ద వివాదమయ్యాయి. చివరికి ఆపరేషన్‌ థియేటర్లలో సీసీ కెమెరాలు తప్పనిసరి చేస్తూ 2021లో చట్టం తెచ్చారు. 2023 సెప్టెంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. కానీ అది రోగి స్పృహలో లేకుండా జరిగే సర్జరీలకే. అడిగితేనే రికార్డు చేస్తారు. కూర్చోబెట్టి వేసే బొటాక్స్‌, ఫిల్లర్‌ సూదులకు ఆ రక్షణ లేదు. వైద్య వివాదాల్లో రాజీ కుదిర్చే సంస్థ కూడా అక్కడ 2012 నుంచి ఉంది. అంటే, అన్నీ పకడ్బందీగా ఉన్న దేశానికే ఇన్ని కట్టుబాట్లు అవసరమయ్యాయి.

ఇన్సూరెన్స్‌ ఉంది కదా అనుకుంటారేమో. మన ఆరోగ్య బీమా పాలసీల్లో అందం కోసం చేసే చికిత్సలకు మామూలుగా మినహాయింపు ఉంటుంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్‌ తర్వాత చేసే పునర్నిర్మాణం వేరే సంగతి. ట్రావెల్‌ పాలసీలూ అంతే. వైద్యం కోసమే ప్రయాణం చేస్తే వర్తించవని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మొత్తం భారం మీ జేబు మీదే.

చౌక అన్నది ఎవరి లెక్క?

బొటాక్స్‌ ప్రభావం మూడు నాలుగు నెలలు. ఫిల్లర్లు రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర. ఎక్కువగా వాడే పీడీఓ దారాలు సుమారు ఆరు నెలల్లో కరిగిపోతాయి. ఇవేవీ జీవితాంతం ఉండేవి కావు. అంటే, ఈ దారిలోకి దిగితే మళ్లీ మళ్లీ వెళ్లాల్సిందే. ఒక్కసారి ధర చూసి చౌక అనుకున్నది, మూడేళ్ల టికెట్లు, హోటల్‌ బిల్లులు, సెలవులు కలిపి చూస్తే చౌకగా మిగులుతుందా? ఇంట్లో కూర్చుని కాగితం మీద ఈ లెక్క ఒకసారి వేయండి. అందులో ఒక గడి ‘తేడా వస్తే’ అన్నదానికీ వదలండి.

‘ఒక్కసారి చేయించుకుంటే జన్మలో పోదు’ అని ఎవరైనా ఊరిస్తే ఇంకా జాగ్రత్తగా ఉండండి. ముడతల కోసం మొహంలోకి ద్రవ సిలికాన్‌ ఎక్కించడానికి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి లేదు. జన్మలో పోనిది బాగుంటే సరే, బాగోకపోతే అదీ జన్మలో పోదు.

అయినా వెళ్లాలనుకుంటే...

వద్దని శాసించడానికి మేం ఎవరం? కొందరి పిల్లలు అక్కడే ఉద్యోగాలు చేస్తుంటారు, కొందరికి తెలిసిన డాక్టర్‌ ఉంటారు. వెళ్లేవారు ఈ జాగ్రత్తలు తీసుకుంటే ముప్పు చాలావరకు తగ్గుతుంది.

- ముందు ఇక్కడి చర్మ వైద్యుల్ని గానీ, ప్లాస్టిక్‌ సర్జన్‌ను గానీ కలవండి. మీకు నిజంగా ఏం అవసరమో తెలుసుకోండి. తిరిగొచ్చాక చూడటానికి ఆయన ఒప్పుకొంటారేమో ముందే అడగండి.
- సూది పట్టే డాక్టర్‌ పేరు, అర్హత ముందే రాసివ్వమనండి. థాయ్‌లాండ్‌ డాక్టర్ల పేర్లను అక్కడి మెడికల్‌ కౌన్సిల్‌ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. ఆసుపత్రికి అంతర్జాతీయ గుర్తింపు ఉందంటే ఆ వ్యవస్థ బాగున్నట్టు. అది డాక్టర్‌ నైపుణ్యానికి సర్టిఫికెట్‌ కాదు.
- ఏజెంటు తెచ్చిన దుబాసీ కమీషన్‌ మీద పనిచేస్తుండొచ్చు. మీకు అర్థమయ్యే భాషలో లేని కాగితం మీద సంతకం పెట్టొద్దు.
- షుగర్‌, బీపీ, థైరాయిడ్‌, రక్తం పల్చబడే మందులు, పెదవుల మీద తరచూ వచ్చే పొక్కులు, గాయం మానాక ఉబ్బే మచ్చలు, కండరాల జబ్బులు... ఏదీ దాచొద్దు. మయస్థీనియా ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు బొటాక్స్‌ జోలికి వెళ్లకూడదు. షుగర్‌ అదుపులో లేనివారు ముందు దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి.
- సీసాను, సిరంజిని మీ ముందే తెరవమనండి. మందు పేరు, బ్యాచ్‌ నంబరు, ఎంత వాడారు, ఎక్కడ వేశారు అన్నవి రాయించుకుని, స్టిక్కర్‌ను ఫొటో తీసి దాచుకోండి. రేపు ఇక్కడి డాక్టర్‌కు దారి చూపేది ఆ కాగితమే.
- హయలురోనిడేజ్‌ మందు ఆ క్లినిక్‌లో ఉందా అని అడగండి. తడబడితే లేచి వచ్చేయండి.
- ట్రిప్పు మొదటి రోజుల్లోనే చేయించుకోండి. విమానం ఎక్కే ముందు రోజు వద్దు. చిన్నదైనా కోత ఉన్న ఫేస్‌లిఫ్ట్‌ అయితే అది సర్జరీయే. మొహానికి కాస్మెటిక్‌ సర్జరీ అయ్యాక విమాన ప్రయాణానికి 7 నుంచి 10 రోజులు ఆగాలని బ్రిటన్‌ ఆరోగ్య సేవల విభాగం ఎన్‌హెచ్‌ఎస్‌ సలహా. సర్జరీ, దూర ప్రయాణం రెండూ కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతాయి.
- చర్మం పాలిపోయినా, నీలి చారలు కనిపించినా, చూపు మసకబారినా, మింగడం, శ్వాస కష్టమైనా ‘రేపు చూద్దాం’ అనుకోవద్దు. వెంటనే దగ్గర్లోని పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. ఏం చేయించుకున్నారో దాచకుండా చెప్పండి.

ఇక్కడైతే సురక్షితమా?

ఊళ్లోనే చేయించుకుంటే చాలు, అంతా క్షేమం అని మేం అనడం లేదు. వీధి మలుపులో బ్యూటీ పార్లరే ‘స్కిన్‌ క్లినిక్‌’గా మారిపోయి, నాలుగు రోజుల కోర్సు చేసిన వారు సూదులు పట్టుకుంటున్న రోజులివి. అక్కడా అడగాల్సింది ఇదే. చర్మ వైద్యంలో ఎం.డి., డిప్లొమా, లేదా ప్లాస్టిక్‌ సర్జరీలో ఎం.సీహెచ్‌. ఉందా? జాతీయ వైద్య కమిషన్‌ రిజిస్టర్‌లో పేరు ఉందా? కాస్మెటాలజీ సర్టిఫికెట్‌ ఒక్కటే ఉంటే సూదికి మొహం అప్పగించొద్దు.

అమెరికా నుంచి సెలవులకు వచ్చి, హైదరాబాద్‌లో పళ్ల పనీ, చర్మం పనీ ముగించుకుని వెళ్లే మన పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. వాళ్లకు మనదే విదేశీ ట్రిప్పు. డల్లాస్‌ చేరాక వాపు వస్తే అక్కడి డాక్టర్‌కూ ఇక్కడి కాగితం కావాల్సిందే. వచ్చిన మొదటి వారంలోనే చేయించుకుని, వెళ్లే ముందు మరోసారి చూపించుకుంటే మంచిది.

ఇక కుటుంబ సభ్యులకో మాట. ఇంట్లో ఎవరైనా ఈ ఊసు ఎత్తితే ‘ఈ వయసులో ఇవన్నీ ఎందుకు?’ అని నోరు మూయించకండి. పక్కన కూర్చుని కాగితాలు చదవండి. లెక్కలు వేయండి. డాక్టర్‌ దగ్గరికి తోడు వెళ్లండి. అన్నీ ఆలోచించాక సన్‌స్క్రీన్‌ రాసుకుని, సిగరెట్‌ మానేసి, కంటినిండా నిద్రపోవడమే చాలనిపించవచ్చు. లేదూ, చేయించుకోవాలనే అనిపించవచ్చు. ఏదైనా సరే, డబ్బు కట్టేముందు క్లినిక్‌ వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి. ‘రెండో వారంలో నాకేదైనా ఇబ్బంది వస్తే నన్ను చూసేదెవరు?’ జవాబులో ఒక డాక్టర్‌ పేరు, మీరు గంటలో చేరుకోగలిగే అడ్రసు ఉంటే ముందుకు వెళ్లండి. ఫోన్‌ నంబరు మాత్రమే ఉంటే, ఇంకోసారి ఆలోచించండి.